నున్నని కట్టు

ఆసుపత్రిలో ఆయనను అందరూ వెన్నచెయ్యి అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాడేమో. ఎముకల విభాగంలో, మెట్ల కింద, ఇరుకుగా పొడుగ్గా ఉన్న ఒక గదిలో, విరిగిన చేతులకూ కాళ్లకూ పిండికట్లు వెయ్యడం ఆయన ఉద్యోగం. దాన్ని కట్లగది అంటారు. రెండు బల్లలు, ఒక నీళ్లతొట్టి, గోడవార అరల్లో దూది చుట్టలు, పిండి అద్దిన గుడ్డచుట్టలు; నేల మీద ఎంత కడిగినా వదలని తెల్లని పొడి. నూనూగు మీసాలనాడు ఆ గదిలో అడుగుపెట్టినవాడు, కణతల దగ్గర వెంట్రుకలు ఆ పొడి రంగుకు తిరిగేదాకా అక్కడే ఉండిపోయాడు.

పిండికట్టు వెయ్యడం చూసేవారికి గోడకు సున్నం పూసినంత తేలికగా కనిపిస్తుంది. తడిపిన చుట్ట చేతిలో మెత్తగా ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే దాన్ని చేతి వంపులకూ కాలి ఒంపులకూ ఒదిగించాలి, మడత పడనివ్వకూడదు, వేలు నొక్కుకోనివ్వకూడదు. పైనుంచి వేలు నొక్కితే లోపల బొడిపె లేచి, ఆరిన తరువాత ఆ బొడిపె చర్మాన్ని తినేస్తుంది. అందుకని వెన్నచెయ్యి వేళ్లు వాడేవాడు కాదు. అరచేతులతోనే నిమిరి నిమిరి తీర్చేవాడు. ఆరేసరికి కట్టు కోడిగుడ్డు పెంకులా ఉండేది. కాలు విరగ్గొట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లు సైతం పోతూ పోతూ కట్టు వైపు మురిపెంగా చూసుకునేవారు. ఒక పెద్దాయన అయితే, "దీని మీద దుమ్ము పడకుండా ఏదైనా కప్పొచ్చా నాయనా?" అని అడిగాడట.

ఆయనతోపాటు ఆ గదిలో పనిచేసే మరొక మనిషి పేరు రంపం. అదీ పేరు కాదు, పనిముట్టు. ఎముక అతికాక కట్టు కోసి తీసేది అతడు. కట్టడం ఒకరి వంతు, కొయ్యడం ఒకరి వంతు. ఇలా ఉండాలని ఏ పెద్ద డాక్టరూ శాసించలేదు. ఇద్దరికీ అలా అలవాటైపోయింది.

"నువ్వు పెళ్లిళ్లు చేసి పంపిస్తుంటావు, నేను విడాకులిప్పిస్తుంటాను. పుణ్యమంతా నీదీ, ఉసురంతా నాదీనా?" అనేవాడు రంపం.

"నీ వల్లే గదరా వాళ్లకు విముక్తి."

"ఏం విముక్తి! నీ కట్టు కొయ్యాలంటే నాకే ప్రాణం ఒప్పదు."

అలా, ఇన్ని వేల కట్లు వేసిన మనిషి ఒక్క కట్టూ విప్పి ఎరగడు. తన పనితనానికి పైవైపు మాత్రమే ఆయనకు తెలుసు.

ఆ గదిలో మూడో శాల్తీ ఒకటి ఉండేది: వైద్యవిద్యార్థుల కోసం మూలన కొక్కేనికి వేలాడదీసిన అస్థిపంజరం. దానికి రంపం పెట్టిన పేరు తోడల్లుడు. "అత్తారింట్లో అలిగి కూర్చున్న తోడల్లుడే వీడు. తినడు, మాట్లాడడు, పొమ్మన్నా పోడు" అనేవాడు. ఎముక విరిగిందని బెంబేలెత్తిపోయే మనిషిని వెన్నచెయ్యి ముందుగా ఈ తోడల్లుడి దగ్గరకు తీసుకువెళ్లి, విరిగినది ఎక్కడో చూపించి, ఆపైన బల్ల ఎక్కించేవాడు. తన లోపల ఏముందో తెలిస్తే మనిషికి భయం కొంత తగ్గుతుందని ఆయన నమ్మకం.

భుజం దగ్గర చేతి ఎముక తల గుండ్రంగా ఉండి గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. అందుకే చెయ్యి అన్ని వైపులకూ పోగలదు. అది బంతిగిన్నె కీలు. మోచేయి తలుపులాగా ఒక వైపుకే ముడుచుకుంటుంది. అది మడతబందు కీలు. మణికట్టులో గులకరాళ్లలాంటి చిన్న చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. అవి జారెడు కీళ్లు. తల అడ్డంగా ఊపి కాదనడానికి మెడలో ఒక బొంగరపు కీలు. పాఠ్యపుస్తకాల కోసం ఈ పేర్లు కూర్చిన మహానుభావులెవరో గాని, ఎముకలను చేత పట్టుకుని తిప్పి చూసినవారే అయి ఉండాలి. వస్తువును చూడగానే నోటికి వచ్చే మాటకూ, నిఘంటువు వెదికి తెచ్చిన మాటకూ ఉన్న తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. ముంజేతిలోని రెండు ఎముకలకు రత్ని, అరత్ని అని పేర్లు. అవి సంస్కృతమే అయినా కవలపిల్లల్ని పిలుస్తున్నట్టుంటాయి. అరచెయ్యి వెల్లకిలా ఉన్నప్పుడు రెండూ పక్కపక్కన పడుకుంటాయి. బోర్లిస్తే రత్ని వెళ్లి అరత్ని మీద చెయ్యి వేస్తుంది. తాళం తిప్పినా, సూదిలో దారం ఎక్కించినా, కత్తెర మలిపినా వీటి పొందికే.

కత్తెర మాట వచ్చింది గనుక ఆయన భార్య సంగతి చెప్పాలి. ఆమె కుట్టుపని చేసేది. పెళ్లికి ముందు, కట్లగది కిటికీకి తెర కుట్టడానికి కొలత తీసుకుందామని వచ్చింది. తోడల్లుణ్ణి చూసి జడుసుకుంటుందేమోనని వెన్నచెయ్యి అడ్డంగా నిలుచుంటే, ఆయనను పక్కకు తప్పుకోమని, పుర్రె మీదికి వంగి చూసింది.

"ఇదెవరు కుట్టారండీ?"

"ఏది?"

"ఈ నెత్తి. కుట్టంతా వంకరటింకరగా పోయింది. విప్పి మళ్లీ కుట్టమనండి."

పుర్రె ఒకే ఎముక కాదనీ, అనేక పలకలు పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి దిగి అతుక్కుంటాయనీ, తిన్నగా ఉంటే జారిపోతాయనీ ఆయన తడబడుతూ చెప్పాడు. ఆమె విని తల పంకించింది.

"అయితే కుట్టినవాడికి పని తెలుసు."

ఆ మాటకు ఆయన పడిపోయాడని రంపం ఇప్పటికీ అంటాడు. తెర కుట్టడానికి వచ్చిన అమ్మాయి మూడు నాలుగు సార్లు కొలత తప్పు తీసుకుని మళ్లీ మళ్లీ వచ్చిందని కూడా అంటాడు. అది మాత్రం ఆమె ఒప్పుకోదు.

ఆమె కొలతలు తీసే పద్ధతి చూసి తీరవలసిందే. టేపు మెడవెనక పొడుచుకు వచ్చిన వెన్నుపూస దగ్గర మొదలుపెట్టేది. అక్కడినుంచి భుజం కొస ఎముకకు, అక్కడినుంచి మోచేతి బుడిపెకు, మణికట్టు బుడిపెకు. "కండదేముంది, ఈ ఏడు ఉంటుంది, పైయేటికి కరుగుతుంది. కొలత ఎముకనుంచి ఎముకకే తియ్యాలి" అనేది. ఇంటి ముందుగదిలో, కిటికీ వెలుగు పడేచోట ఆమె మిషను ఉండేది. సొరుగులో బరువైన ఇనుప కత్తెర. దానితో కాగితం కత్తిరించడానికి కట్టుకున్నవాడికి కూడా అనుమతి లేదు. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆమె ఏ బడిపిల్లల చొక్కాలో కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే, "ఈవేళ ఎన్ని విరిగాయి?" అని అడిగేది. పైకి కరుకుగా వినిపించినా ఆ ప్రశ్నలో రోజంతా ఎదురుచూసిన మెత్తదనం ఉండేది.

అలా గడిచిపోయే కాపురంలో ఒక శనివారం సాయంకాలం, అటక మీది బట్టల మూట అందుకోబోయి, ఆమె ఎత్తుపీట మీదనుంచి జారి కుడిచేతి మీద పడింది.

పడినవాళ్లు చేతిని నేలకు ఆనిస్తారు. అది మనిషి పుట్టుబుద్ధి. ఒంటి బరువంతా ఆ ముంజేతి కవలల మీద పడుతుంది. ఎక్స్‌రేలో రత్నీ అరత్నీ రెండూ మధ్యకు పగిలి కనిపించాయి గాని చోటు తప్పలేదు. ఆ పూట ఉన్న కుర్ర డాక్టరు బొమ్మను వెలుగుకు పెట్టి చూసి, "అదృష్టవంతులమ్మా, ఆపరేషన్ అక్కర్లేదు. వాపు బాగా ఉంది. ఇప్పటికి సగం కట్టు వేద్దాం. వాపు దిగాక పూర్తి కట్టు" అని చెప్పి, మరొక అత్యవసరం వస్తే అటు వెళ్లిపోయాడు.

సగం కట్టు అంటే చేతి కింద దోనెలాగా పిండిపలక ఒకటి పెట్టి, పైన వట్టి గుడ్డ చుట్టడం. లోపల వాపు పెరిగితే గుడ్డ సాగి చోటిస్తుంది. పూర్తి కట్టు చుట్టూ పెంకు, అది సాగదు. కొత్తగా చేరే ప్రతి డాక్టరుకూ, "వాపుకు దారి ఇవ్వాలి బాబూ" అని చెప్పేది వెన్నచెయ్యే. ఆ తరువాత ఆయన చేసినది తెలియక చేసిన పని కాదు, అందుకే ఇంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

ఆయన పలక సిద్ధం చేస్తుంటే ఆమె బల్ల మీదనుంచి చూసింది. నొప్పితో పెదవి కొరుక్కుంటూనే నవ్వింది.

"ఊళ్లోవాళ్లకందరికీ గుండ్రంగా నున్నగా వేస్తారు. నాకు సగమేనా? నేనేమన్నా సగం పెళ్లాన్నా?"

"వాపుందే. నాలుగు రోజులాగితే పూర్తిది వేస్తాను."

"అంటే మళ్లీ వచ్చి ఆ వరసలో నిలబడాలా? మొన్న పంటినొప్పికని వచ్చినప్పుడే నా తాతముత్తాతలు కనిపించారు. అదేదో ఒకేసారి కానివ్వండి."

ఆయన చేతిలో పలక ఉంది. పక్క అరలో చుట్టలు ఉన్నాయి. ఈమె ఇంట్లో కుదురుగా కూర్చునే మనిషి కాదు, సగం కట్టుతో మిషను దగ్గరకు పోతుంది, ఎముక కదులుతుంది అనుకున్నాడు. దూది కాస్త ఎక్కువ పెడితే సరిపోతుంది అనుకున్నాడు. ఇవన్నీ కారణాలే. వాటి అడుగున మరొకటి ఉంది: ఇన్నేళ్లలో ఆయన తనవాళ్లెవరికీ కట్టు వెయ్యలేదు. ఆ చెయ్యి ఆయన ఎరిగిన చెయ్యి. దాని మీద తన పనితనం ఒక్కసారి చూసుకోవాలనిపించింది. పలక పక్కన పెట్టి చుట్ట తడిపాడు.

చంక దిగువనుంచి అరచేతి దాకా, మోచేయి మడిచి, ఆయన జన్మలో వేసిన కట్లన్నిటిలోకీ నున్నని కట్టు అది. రంపం వచ్చి చూసి, "ఇది నేను కొయ్యను. ఇప్పుడే చెప్తున్నా, సెలవు పెడతా" అన్నాడు.

మరునాడు ఆదివారం. కబురు తెలిసి ఆమె తమ్ముడు చూడవచ్చాడు. టీలు తాగుతూ ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. ఆమె మొదట కట్టును చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని చూపించింది. మధ్యాహ్నానికి మాటలు తగ్గాయి. నుదుట చెమట పట్టింది.

"ఏమండీ, బిగిసిపోతోందండీ."

ఆయన వేళ్ల కొసలు చూశాడు. ఎర్రగానే ఉన్నాయి, వెచ్చగానే ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు వచ్చింది. "కొత్త కట్టు అలాగే ఉంటుందే. రెండు రోజుల్లో అలవాటవుతుంది" అన్నాడు. ఈ మాట ఆయన ఇన్నేళ్లుగా ఎన్ని వేలమందికో చెప్పాడు. చెప్పినప్పుడల్లా నిజమే అయింది.

"అది కాదు. లోపల ఎవరో మెలిపెడుతున్నట్టుంది. విప్పండీ."

మరొక పరీక్ష ఉంది. వేలి కొస పట్టుకుని నెమ్మదిగా వెనక్కి చాపితే, లోపల కండ ఊపిరాడక ఉంటే, ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. అదీ ఆయనకు తెలుసు. చెయ్యి చాపాడు. ముట్టుకోకముందే ఆమె కెవ్వుమని వెనక్కి లాక్కుంది.

తమ్ముడు పకపకా నవ్వాడు. "బావ వేసిన కట్టుకు వంక పెడితే కళ్లు పోతాయే అక్కా! ఊళ్లో జనం ఆ కట్టు కోసం కావాలని కాళ్లు విరగ్గొట్టుకుంటున్నారట."

"చూడరా, అందరికీ ధైర్యం చెప్పే మనిషి ఎలా గారాలు పోతోందో" అన్నాడు వెన్నచెయ్యి. ఆమె కూడా కళ్లనీళ్లతో నవ్వింది. ముగ్గురూ నవ్వారు.

నొప్పిమాత్ర ఇచ్చాడు. కోసేస్తే మళ్లీ వేసుకోవచ్చుననీ, పోయేదల్లా కాస్త పిండీ ఒక పూటా అనీ ఆయనకు తోచకపోలేదు. కిటికీ వెలుగులో ఆ కట్టు మీద ఒక్క గీత లేదు. ఆయన ఇంకో మాత్ర ఇచ్చాడు.

ఆ రాత్రంతా ఆమె పడుకోలేక మిషనుకు తల ఆనించి కూర్చుంది. తెల్లవారేసరికి మూలుగు ఆగిపోయింది.

"ఎలా ఉంది?"

"నొప్పి పోయింది. మొద్దుబారినట్టుంది. పోనీలెండి, కన్ను మూతపడుతోంది."

"చెప్పానా, అలవాటవుతుందని!"

ఆయన తేలిక మనసుతో డ్యూటీకి వెళ్లాడు. దారిలో ఏదో కూనిరాగం తీశాడు కూడా. తరువాతి కాలంలో ఆయనను అన్నిటికంటె ఎక్కువ కోసినది ఆ కూనిరాగమే.

కట్లగదిలో రంపం ఎవరిదో మోకాటి కట్టు కోస్తున్నాడు. రంపం రొదలోంచే అడిగాడు.

"వదినకెలా ఉందిరా?"

"భేషుగ్గా ఉంది. నిన్నంతా గోల పెట్టింది. పొద్దున్నకు నొప్పి పూర్తిగా పోయిందట."

రంపం కొయ్యడం ఆపాడు. రొద ఒక్కసారిగా ఆగేసరికి గది పెద్దదైనట్టనిపించింది.

"పూర్తిగానా? విరిగిన మూడోనాటికే? వేళ్లు కదుపుతోందా?"

వెన్నచెయ్యి గుర్తు తెచ్చుకోబోయాడు. పొద్దున ఆమె వేళ్లు కదిపిందా? టీగ్లాసు ఎడమచేత్తో అందుకుంది. కుడిచేతి వేళ్లు కట్టు అంచున, కొద్దిగా ముడుచుకుని, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. తాను వాటిని చూశాడు. చూసి, ఎర్రగా ఉన్నాయా లేదా అని మాత్రమే చూసుకుని, గడప దాటాడు.

విరిగిన ఎముక నొప్పి మెల్లగా దిగుతుంది. ఒక్కపూటలో పోయే నొప్పి తగ్గిన నొప్పి కాదు, నొప్పి తెలిసే నరమే చచ్చిపోవడం. ఆయన అరచేతులకు అంటిన పిండితోనే పరుగెత్తాడు.

ఆమెను తెచ్చేసరికి రంపం సిద్ధంగా ఉన్నాడు. సెలవు పెడతానన్న మాట ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. కట్టు పొడుగునా చీలింది. రెండు దొప్పలుగా విడదీశాక, మొట్టమొదటిసారిగా వెన్నచెయ్యి తన కట్టు లోపలివైపు చూశాడు. అది కూడా నున్నగానే ఉంది. దానిలోంచి బయటపడిన ముంజెయ్యి మాత్రం వాచి, మెరిసి, నీటిపొక్కులు లేచి, తాకితే చెక్కలా ఉంది. వేళ్లు చాపమంటే ఆమె చాపానని అనుకుంది. అవి కదల్లేదు.

పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. కేసుకాగితం చూశాడు.

"సగం కట్టు అని రాసి ఉంది గదా. ఇది ఎవరు వేశారు?"

వెన్నచెయ్యి నోరు తెరిచాడు. మాట రాకముందే బల్ల మీదనుంచి ఆమె అంది: "నేనే వెయ్యమన్నానండీ. మొండిదాన్ని. ఆయన వద్దన్నారు."

ఆయన నోరు మూసుకున్నాడు. అప్పుడు మూసుకున్న నోరు మళ్లీ ఆ విషయమై ఆసుపత్రిలో ఎక్కడా తెరుచుకోలేదు. ఎవరూ అడగలేదు. అడగకపోవడమే వాళ్లు వేసిన శిక్షేమో తెలియదు.

ఆపరేషన్ చేసి ముంజేతి మీద పొడుగ్గా కోసి బిగువు వదిలించారు. మన కండలు ఒంట్లో వదులుగా పడి ఉండవు. బిగుతైన చొక్కా చేతుల్లాంటి పొరల్లో గుంపులు గుంపులుగా కూర్చి ఉంటాయి. లోపల వాచి, బయట సాగకపోతే, వాటికి నెత్తురు అందదు. పూటలోపల విప్పితే బతుకుతాయి. "ఆలస్యమైంది. చూద్దాం. కొన్నాళ్లు పోతేగాని చెప్పలేం" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆ కొన్నాళ్లూ వెన్నచెయ్యి ఒక్కదానికోసమే బతికాడు: ఆ వేళ్లు తెరుచుకోవాలి. పొద్దునా సాయంత్రమూ గోరువెచ్చని నీళ్లలో ఆమె చెయ్యి పెట్టి ఒక్కొక్క వేలే సాగదీసేవాడు. వేళ్లు చాపి ఉంచే అచ్చులు పిండితో చేసి, వారం వారం కొలత మార్చి కొత్తది చేసేవాడు. కండ చచ్చినచోట తోలుపట్టీలాంటిది పుట్టి, ఎండలో తోలు ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది. దానితోపాటు వేళ్లను లోపలికి లాక్కుంటుంది. ఆయన బయటికి లాగేవాడు, అది లోపలికి లాగేది. అది నిద్రపోయేది కాదు.

ఎముకలు మాత్రం చక్కగా అతికాయి. ఒకనాడు ఆయన నడవలో పోతుంటే, కుర్ర డాక్టరొకడు వెలుగుపెట్టె మీద ఎక్స్‌రే పెట్టి విద్యార్థులకు చూపిస్తున్నాడు: "చూశారా, ముంజేతి ఎముకలు ఎంత తీరుగా కలిశాయో. విరిగిన జాడే దొరకదు." ఎవరి చేయో అతనికి తెలియదు. వెన్నచెయ్యికి తెలుసు. రత్నీ అరత్నీ పక్కపక్కన, తెల్లగా, తిన్నగా, తప్పు పట్టలేనంత అందంగా ఉన్నాయి. ఎక్స్‌రేలో కండ కనిపించదు. ఆయన కాసేపు విద్యార్థుల వెనక నిలబడి వెళ్లిపోయాడు.

పనిలో ఆయన మారిపోయాడు. వేసిన ప్రతి కట్టునూ ఆరీ ఆరకముందే పొడుగునా తానే చీల్చి, పైన గుడ్డ చుట్టి పంపేవాడు. వాపు ఉన్నా, లేకపోయినా. "కొత్త చొక్కా చింపి తొడిగినట్టు ఇదేమిటండీ?" అని జనం సణిగేవారు. "బిగుతుగా ఉందా? నిజం చెప్పు. ఉందా?" అని ఒకే మనిషిని పదేపదే అడిగేవాడు, లేదంటే నమ్మేవాడు కాదు.

"నా పనీ నువ్వే చేసేస్తే నేనెందుకురా ఇక్కడ?" అన్నాడు రంపం ఒకసారి, పాత చనువుకొద్దీ. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. వెన్నచెయ్యి అన్న పిలుపు కూడా ఎప్పుడు పోయిందో పోయింది. ఎవరూ నిర్ణయించలేదు. నోళ్లు వాటంతటవే మానుకున్నాయి.

ఇంట్లో మిషను కిటికీ దగ్గరే ఉంది. కుట్టించుకునేవాళ్లు కొన్నాళ్లు పలకరింపుకు వచ్చారు. తరువాత పలకరింపులూ తగ్గాయి. ఆమె ఎవరితోనైనా "పడ్డప్పుడే నరం నలిగిందట" అని చెప్పేది. ఆయన వంక చూసేది కాదు. ఈవేళ ఎన్ని విరిగాయని అడగడమూ మానేసింది.

ఒకనాడు నీళ్లగిన్నె ముందు కూర్చుని ఉండగా ఆయన ఉన్నట్టుండి అన్నాడు: "తిట్టవే. ఒక్కసారి తిట్టు నన్ను."

ఆమె నీళ్లలోని చేతి వైపే చూస్తూ అంది: "తిడితే వేళ్లు సాగుతాయా? సాగుతాయంటే చెప్పండి. పొద్దున్నించి పొద్దుగూకేదాకా నోరు నొప్పెట్టేలా తిడతాను."

చివరకు పెద్ద డాక్టరు తేల్చి చెప్పవలసిన రోజు వచ్చింది. డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని కిందికి వంచాడు. వేళ్లు కాస్త తెరుచుకున్నాయి. పైకి ఎత్తాడు, మూసుకున్నాయి. మళ్లీ వంచాడు, మళ్లీ ఎత్తాడు. "కీళ్లన్నీ బాగున్నాయమ్మా. ఎముకలూ బాగున్నాయి. వాటిని ఆడించే కండే లేదు. ఆపరేషన్ చేస్తే పట్టు ఒక రవ్వ రావచ్చు. కుట్టుపని మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు."

"సరేనండీ" అంది ఆమె, బజారులో సరుకు లేదంటే అన్నట్టు.

ఇంటికి వచ్చాక ఆమె మిషను ముందున్న ఎత్తుపీట మీద కూర్చుంది. సాయంకాలపు వెలుగు ఎప్పటిలాగే అక్కడ పడుతోంది.

"ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

ఆయన సొరుగు తెరిచి తీశాడు. ఆమె మణికట్టు వాల్చింది, వేళ్లు తెరుచుకున్నాయి. ఆ సందులో ఆయన కత్తెర పిడి ఉంచాడు. బొటనవేలు దాని కంతలో దూరలేదు. దూరలేదని ఇద్దరూ చూశారు. ఆమె మణికట్టు ఎత్తింది. వేళ్లు మూసుకుని పిడిని పట్టుకున్నాయి. గట్టిగానే పట్టుకున్నాయి. ఒక్క క్షణం ఆయన గుండె ఎగిసింది.

కత్తెర కూడా ఒక కీలే. రెండు చేతులు, నడుమ ఒక మేకు. పట్టుకుంటే చాలదు, తెరవాలి. ఆమె తెరవబోయింది. ముంజేతి మీది పొడుగాటి మచ్చ కొద్దిగా కదిలింది. కత్తెర కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. ఆమె నుదుట, ఆ ఆదివారంనాటిలాగే, చెమట పట్టింది.

తరువాత దాన్ని వదిలెయ్యాలనుకుంది. చెయ్యి బిగుసుకుపోయి మణికట్టు వాలలేదు. వేళ్లు పిడిని వదలలేదు. బరువైన ఇనుము ఆ మూసుకున్న పిడికిట్లోంచి వేలాడుతోంది.

"విప్పండీ" అంది.

గొంతు అదే, మాట అదే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె మణికట్టును కిందికి వంచి, చిటికెన వేలు మొదలుకుని ఒక్కొక్కటే తెరిచాడు. కత్తెర ఆయన అరచేతిలో పడింది. ఆయన చెయ్యి తీయగానే వేళ్లు మళ్లీ మూసుకున్నాయి.